వెన్న లేని ఉదయం

టోర్‌గ్రిమ్ ఆఫీసులోకి వచ్చి కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాడు.

"చూడండి. ఇవి మనిషిని చంపిన చేతులేనా?"

రాగ్నా సహాయకురాలు సిగ్నీ రాస్తున్నది ఆపేసింది. డిటెక్టివ్ రాగ్నా మాత్రం తొణకలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఆ చాపిన చేతుల్లో కప్పు పెట్టింది. "ముందు తాగండి. తర్వాత చెప్పండి."

టోర్‌గ్రిమ్, ఐలిఫ్, యోస్టైన్, హాల్డిస్ బడిలో ఒకే బెంచీ మీద పెరిగిన నేస్తాలు. తర్వాత ఐలిఫ్, హాల్డిస్ పెళ్ళి చేసుకున్నారు. ప్రతి ఏడూ ఈస్టర్ జనం వెళ్ళిపోయి రిసార్టులో లిఫ్టులు ఆగిపోయాక, కొండమీద టోర్‌గ్రిమ్ కొయ్య ఇంట్లో నలుగురూ కలిసి ఆ ఏటి ఆఖరి మంచు మీద స్కీయింగ్ చేస్తారు. అందరి స్కీలకూ మైనం పూసే పని టోర్‌గ్రిమ్‌దే. అందులో ఇంకొకరు వేలు పెట్టరు.

ఈసారి ఐలిఫ్ ఎప్పటిలాగే తెల్లవారుతూనే ఒంటరిగా శిఖరానికి బయల్దేరాడు. మధ్యాహ్నానికి తిరిగి రాలేదు. కింద సరస్సులో, వాగు కలిసేచోట మంచు పలక విరిగి ఉంది.

"వాడి శవంతో పాటు నీళ్ళలోంచి పైకి తీసిన స్కీలకు గట్టి మైనం ఉందండీ," అన్నాడు టోర్‌గ్రిమ్. "అది చలికాలపు పొడిమంచుకి. వసంతంలో తెల్లారేసరికి మంచంతా గాజు గడ్డలా ఉంటుంది. దాని మీద జిగురు మైనం పూయకపోతే ఎక్కిన ప్రతి అడుగూ వెనక్కి జారుతుంది. నేను జిగురే పూశాను. పూశాననే అనుకున్నాను. పోలీసులు ప్రమాదం అని రాసుకుని పోయారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం తాగి పూశాడంటున్నారు."

"తాగారా?"

"రెండు గ్లాసులు." అతను తల దించుకున్నాడు. "ఇప్పుడు నాకే నమ్మకం పోయింది."

మర్నాడు పొద్దున్నే రాగ్నా, సిగ్నీ కొండెక్కారు. రాగ్నా కబురు అందుకుని ముగ్గురు నేస్తాలూ అప్పటికే ఇంట్లో ఉన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. రాగ్నా ముందు ఐలిఫ్ స్కీలను తిరగేసి, అడుగున ఉన్న సన్నటి గాడిలో గోటితో గీకింది. గోరు అంటుకుంది. వాటిని గోడకు ఆనించింది.

యోస్టైన్ వాగుడుకాయ. ఆటపట్టించడం అతని జబ్బు.

"పోయినేడు ఐలిఫ్ బూట్లలో ఉప్పు పోసింది మీరేగా?" అంది రాగ్నా.

"నేనే. కాఫీలో కూడా పోశాను. కానీ మైనంతో ఆటలా? ఈ టోర్‌గ్రిమ్‌గాడు నా పీక పిసికేవాడు."

"ఐలిఫ్ అడుగుజాడలు చూశారా?"

"చూశాను. ఎదురుగా ఉన్న ఆ మొదటి ఏటవాలు మీదే మూడుచోట్ల జారిన గీతలు. తర్వాత చదునుగా ఉంటుందని సరస్సు వైపు తిరిగాడు."

"ఆ ఉదయం ఇంకేమైనా గుర్తుందా? చిన్నదైనా సరే."

"ఏముందీ, రొట్టె మీదకి వెన్న లేదు. రాత్రి సగం పొట్లం ఉంది. ఐలిఫ్‌గాడే మింగేసి పోయాడు, తిండిపోతు వెధవ అని తిట్టాను." అతను అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "వాడి గురించి నేనన్న ఆఖరి మాట అదేనండీ."

సిగ్నీకి యోస్టైన్ మీదే అనుమానం. ఇంతగా నవ్వించేవాడు ఇంత తొందరగా ఏడుస్తాడా?

హాల్డిస్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. చిక్కిపోయింది, కళ్ళు లోతుకు పోయాయి.

"స్కీలను మీరెప్పుడైనా ముట్టుకున్నారా?"

"ఆ జిగురంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టాక దాన్ని తాకింది లేదు."

"ఇక్కడికొస్తే అందరికీ నారింజలు వలిచేది మీరేనట కదా?"

"అవును, తొక్క తెగకుండా." ఆమె పెదవుల మీదకు చిన్న నవ్వు వచ్చి పోయింది. "టోర్‌గ్రిమ్ చేతుల నిండా జిగురుంటుంది. తొనలు నేనే నోట్లో పెడతాను. పసిపిల్లాడిలా నోరు తెరుస్తాడు."

"చలిగా ఉంది సిగ్నీ, పొయ్యి వెలిగించు," అంది రాగ్నా.

మంట రాజేయడానికి వాడే ఎండు నారింజ తొక్కలు పొయ్యి పక్కన డబ్బాలో ఉన్నాయి. పాములా చుట్టుకున్న పొడవైన తొక్కలు. ఒకదాని మీద ఊదా రంగు వేలిముద్రలు ఉన్నాయి. సిగ్నీ ముట్టుకుంటే ఇంకా అంటుకుంటోంది. దాన్ని తెచ్చి రాగ్నా అరచేతిలో పెట్టింది.

రాగ్నా అందరినీ బయట ఎండ తగిలే గోడ దగ్గర బల్ల మీద కూర్చోబెట్టింది. చూరు నుంచి మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలుతోంది.

"టోర్‌గ్రిమ్ గారూ, మీ చేతులు తప్పు చేయలేదు. గట్టి మైనం కింద, గాడిలో, ఊదా జిగురు ఇంకా ఉంది. మీరు పూసినదాన్ని ఎవరో గీకేసి పైన గట్టి మైనం రుద్దారు. ఆ జిగురు నీళ్ళకీ సబ్బుకీ వదలదు. కొవ్వుకే వదులుతుంది. అందుకే ఆ ఉదయం వెన్న మిగల్లేదు. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో కొంచెం మిగిలిపోయింది. ఆ వేళ్ళే తర్వాత నారింజ వలిచాయి."

టోర్‌గ్రిమ్ మెల్లగా హాల్డిస్ వైపు తిరిగాడు.

"వాడి గుండె పాడైపోయింది," అంది ఆమె. "కొండెక్కితే ప్రాణం పోతుందన్నాడు డాక్టరు. మీకు చెప్పనని వాడు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. 'నా నేస్తాలు నన్ను రోగిలా చూడకూడదే' అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. మొదటి ఏటవాలు మీద జారి, తిట్టుకుంటూ వెనక్కి వస్తాడనుకున్నాను. కాఫీ కూడా పెట్టి ఉంచాను."

"మరెందుకు రాలేదు వాడు?" అన్నాడు టోర్‌గ్రిమ్.

రాగ్నా అతని వైపు తిరిగింది. "నాకు తోచింది చెబుతాను. జిగురు ట్యూబు మీ తలాపునే ఉంటుంది కదా. వెనక్కొస్తే మిమ్మల్ని లేపాలి. తాగి తప్పు పూశారని అందరికీ తెలుస్తుంది. యోస్టైన్ ఏడాదంతా మిమ్మల్ని ఏడిపిస్తాడు. అది ఇష్టంలేక సరస్సు దారి పట్టాడు."

యోస్టైన్ టోపీ కళ్ళ మీదకు లాక్కున్నాడు.

"నాకు చెప్పాల్సింది, హాల్డిస్," అన్నాడు టోర్‌గ్రిమ్. "వాడి స్కీలను లోపలి పొయ్యిలో పెట్టేసేవాణ్ణి."

నీడలు పొడుగయ్యేసరికి కరిగిన మంచు మళ్ళీ గట్టిపడసాగింది. రిసార్టుకు తిరిగి వెళ్ళే దారిలో ఒక మిట్ట ఎక్కాలి. హాల్డిస్ స్కీలు తొడుక్కోకుండా భుజాన వేసుకుంది. టోర్‌గ్రిమ్ వాటిని ఆమె భుజం మీద నుంచి తీసుకుని లోపలికి వెళ్ళాడు. పొయ్యి దగ్గర జిగురు వెచ్చబెట్టి, బొటనవేలితో నెమ్మదిగా, చివరిదాకా రాశాడు. తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు.

"ఎక్కు. జారవు."

అతని వేళ్ళన్నీ ఊదా రంగులో అంటుకుపోయి ఉన్నాయి. హాల్డిస్ సంచిలో చెయ్యి పెట్టి, ఇంకా విప్పని వెన్న పొట్లం ఒకటి తీసింది.

"ఆ రోజు అయిపోగొట్టాను కదా," అంది.

సిగ్నీ మొహం పక్కకు తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి టోర్‌గ్రిమ్ చేతులు చాపి నిలబడి ఉన్నాడు. హాల్డిస్ ఒక్కొక్క వేలికీ వెన్న రాస్తోంది.