కాగితం మీద పద్నాలుగేళ్ళు

పొద్దున్న ఆరున్నరకే పెర్లా తిండికొట్టులో కూర్చోడానికి చోటు లేదు. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, ఎండుచేప, పైన ఒక గుడ్డు. మా సందులో జీప్నీ బస్సులు నడిపేవాళ్ళూ, చేపల రేవుకి పోయేవాళ్ళూ అక్కడ తినందే కదలరు. ఆ రోజు మాత్రం ఎవరి కళ్ళూ కంచంలో లేవు, అందరూ గోడకున్న టీవీ వైపే చూస్తున్నారు. ముందురోజు పార్లమెంటు కమిటీ ముందు పెర్లా మొగుడు గవీనో మాట్లాడాడు. ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు.

గవీనో మా బరంగాయ్‌లో, అంటే పేట పంచాయతీలో, వార్డు మెంబరు. పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు నడిపేదీ ఆయనే. పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఎంత నేరం చేసినా మా దేశంలో కేసు ఉండదు, కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు. ఆ వయసుని పన్నెండుకి దించాలని బిల్లు పెట్టారు. దించాలని సగంమంది, వద్దని సగంమంది, నెలరోజులుగా సభలో గొంతులు చించుకుంటున్నారు. దించాలనే ఎంపీ ఒకాయన, వీధుల్లో తిరిగే మనిషి చెబితే బావుంటుందని గవీనోని తీసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టాడు.

టీవీలో గవీనో తెల్ల బారోంగ్ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. "గ్యాంగులవాళ్ళు పిల్లల్ని చేరదీసి ఏం చెబుతారో తెలుసా అండీ? మీరు మైనర్లు, మిమ్మల్నెవడూ ఏం చెయ్యలేడు, పోయి దోచుకురండ్రా అంటారు! భయం లేకపోతే ఇంక చట్టం దేనికండీ?"

ఎదుటి వరసలోంచి ఒక మహిళా ఎంపీ లేచింది. "పన్నెండేళ్ళ పిల్లాడు శిక్ష ఎంతని లెక్కేసుకుని నేరానికి పోతాడా? భయపెట్టి పిల్లల్ని బాగుచేసిన చోటు ఒక్కటి చూపించండి."

"నా ఇల్లే చూపిస్తానమ్మా. నా కొడుక్కి నేనంటే భయం. అందుకే వాడు తప్పు చెయ్యడు" అన్నాడు గవీనో. దించాలనేవాళ్ళంతా బల్లలు చరిచారు.

కొట్టులోనూ చరిచారు, గవీనో అక్కడే మూలబల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు మరి. జీప్నీ నడిపే తోటో అయితే చెంచాతో గ్లాసు వాయించాడు. "మెంబరుగారూ, వచ్చే ఎన్నికల్లో కౌన్సిలర్ మీరే!"

"ముందు గ్యాస్ బండ మార్చమను. మూడురోజులుగా మొత్తుకుంటున్నా" అంది పెర్లా గరిటె ఊపుతూ.

"మీకు పార్లమెంటులో కంటే ఇంట్లోనే ప్రతిపక్షం ఎక్కువండోయ్!" అన్నాడు తోటో.

గవీనో కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే బరంగాయ్ కాపలాదారు దాదో రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మెంబరుగారూ, ఒకసారి బయటికి రండి."

"ఏంట్రా, ఇక్కడే చెప్పు. వీళ్ళంతా మనవాళ్ళేగా."

దాదో నీళ్ళు నమిలాడు. "మీ అబ్బాయి రెన్జెల్‌ని పోలీసులు తీసుకెళ్ళారు. తెల్లారగట్ల వంతెన మెట్ల దగ్గర మాంగ్ ఇస్కో డబ్బుసంచీ లాక్కోబోయారు, ముగ్గురు. ఆయన వదల్లేదు. మెట్ల మీంచి తోసేశారు. వేడి టాహో డబ్బా ఆయన మీదే పడింది. మిగతా ఇద్దరూ పారిపోయారు."

"తోసిందెవడు?"

"రెన్జెలే అండీ. నలుగురు చూశారు."

తోటో చెంచా కింద పెట్టేశాడు. మాంగ్ ఇస్కో ముప్ఫయ్యేళ్ళుగా కావడి భుజాన వేసుకుని మా సందులో టాహో, అంటే పాకం పోసిన వేడి సోయా జున్ను, అమ్ముతున్న ముసలాయన. ఆయన కేక వింటూనే ఇక్కడి పిల్లలు నిద్ర లేస్తారు. రెన్జెల్ గ్లాసులో ఒక చెంచా పాకం ఎక్కువ పోసేవాడు. అలాంటి మనిషిని తోశాడంటే చెయ్యి ఎలా వచ్చిందో వాడికి!

గవీనో మేడమీదికి పరిగెత్తాడు. పెర్లా పొయ్యి ఆర్పి వెనకాలే వెళ్ళింది. ఆయన బీరువాలోని ప్లాస్టిక్ కవర్లన్నీ నేలమీద కుమ్మరించి వెతుకుతున్నాడు.

"ముసలాయన ఏ ఆస్పత్రిలో ఉన్నాడని అడగవేం? ఏం వెతుకుతున్నావ్?"

"బర్త్ సర్టిఫికెట్. పద్నాలుగేళ్ళవాణ్ణి స్టేషన్లో ఉంచడానికి వీల్లేదు. గంటలో ఇంటికి తెస్తా."

"ఎవరికి పద్నాలుగు? వాణ్ణి కన్నది నేనయ్యా! పదహారు నిండి మూడు నెలలైంది."

ఆ కాగితం సంగతి ఇదీ. రెన్జెల్ ఇంట్లోనే మంత్రసాని చేతిలో పుట్టాడు. మా సందులో సగంమంది పిల్లల్లాగే వాడి పుట్టుకా ఎక్కడా నమోదు కాలేదు. తొమ్మిదేళ్ళకి ఆలస్యపు నమోదు చేయించేటప్పుడు గవీనో రెండేళ్ళు తగ్గించి రాయించాడు. ఎందుకంటారా? బాస్కెట్‌బాల్‌కి! పొడుగు పిల్లాడు చిన్నపిల్లల జట్టులో ఆడితే కప్పు ఎక్కడికి పోతుంది? మూడేళ్ళు వరసగా కప్పు ఇంటికొచ్చింది. పెర్లా అప్పుడు రెండ్రోజులు పోట్లాడి ఊరుకుంది. ఊరుకోవడం తన తప్పేనని ఆవిడకీ తెలుసు.

"నిన్న పన్నెండేళ్ళ పిల్లల్ని జైల్లో వెయ్యమన్నావ్. ఎవరి పిల్లల్ని? పక్కింటివాళ్ళ పిల్లల్నా?"

"అది వేరు పెర్లా."

"ఎలా వేరు?"

"వీడు నా కొడుకు!"

"వాళ్ళంతా చెట్టుకి కాశారా? వాళ్ళకి అమ్మానాన్నా లేరా?" ఆవిడ గొంతు కింద కొట్టుదాకా వినబడింది. "సిగ్గులేదూ నీకు? మైకు ముందు ఒకటి, ఇంట్లో ఒకటీనా?"

"అరవకు! నిజం చెబితే ఏమవుతుందో తెలుసా? వాడి మీద కేసు. దొంగ కాగితం రాయించినందుకు నా మీద కేసు. మెంబరు పదవి ఊడుతుంది. ఈ సందులో తలెత్తుకు తిరగగలమా?"

"మాంగ్ ఇస్కో అసలు లేచి తిరగగలడా అని అడిగావా?"

గవీనో ఇంకో కవరు కుమ్మరించాడు. కాగితం దొరికింది. జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. పెర్లా ఏప్రన్ కూడా విప్పకుండా ఆయనెక్కిన ట్రైసికిల్ ఆటోలోనే ఎక్కింది. దారిలో ఆస్పత్రికి రెండుసార్లు ఫోన్ చేసింది.

స్టేషన్లో స్త్రీల, పిల్లల విభాగం గదిలో రెన్జెల్ కాళ్ళు బార్లా చాపుకుని జ్యూస్ తాగుతున్నాడు. ఎదురుగా సంక్షేమశాఖ ఆవిడ, మిసెస్ అబాద్, ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది.

"నాన్నా, వచ్చావా? ఇంటికెప్పుడు వెళ్తాం?" అన్నాడు వాడు. ఏడుపు లేదు, బెదురు లేదు. బడి వదిలేశారా అని అడిగినట్టు అడిగాడు.

గవీనోకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తాడు. "ముసలాయన్ని తోస్తావా? ఎవడ్రా నీకు నేర్పింది? ఏ గ్యాంగుగాడు నేర్పాడ్రా, చెప్పు!"

"ఏ గ్యాంగూ లేదు."

"మరెవడు చెప్పాడు నీకేం కాదని?"

రెన్జెల్ తెల్లబోయి చూశాడు. "నువ్వే కదా నాన్నా. పోయినేడు బైకుతో ఆ పళ్ళమ్మే ఆవిణ్ణి గుద్దినప్పుడు నువ్వే ఈ కాగితం తెచ్చి విడిపించావు. వచ్చేటప్పుడు భుజం తట్టి చెప్పావు, ఇది ఉన్నన్నాళ్ళూ నిన్నెవడూ ఏం చెయ్యలేడ్రా అని. నవ్వావు కూడా."

వాడు ఎదిరించడానికి అనలేదు. అడిగారు కాబట్టి చెప్పాడు, అంతే. ఎత్తిన చెయ్యి గవీనో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబు మీద పెట్టుకున్నాడు. నిన్న దేశమంతా విన్న మాట అది. గ్యాంగులవాళ్ళే పిల్లలకి అది నేర్పుతారని మైకు ముందు చెప్పిందీ ఆయనే.

మిసెస్ అబాద్ మొహం ఎత్తింది. "వయసు రాయాలి సార్. సర్టిఫికెట్ తెచ్చారా?"

గవీనో కాగితం బల్లమీద పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. పెర్లా పక్కకొచ్చి నిలబడింది.

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది. "ఏడేళ్ళు నోరు మూసుకున్నాను గవీనో. వాడు ఇలా తయారైంది నీ ఒక్కడి వల్లే కాదు, నా వల్ల కూడా. ఇవాళ మాత్రం మూసుకోను."

గది బయట ఎవరో నవ్వుకుంటూ వెళ్ళారు. గవీనో కాగితం మీంచి చెయ్యి తీశాడు.

"పదహారండీ."

"కాగితంలో పద్నాలుగని ఉందే?"

"కాగితం అబద్ధం. రాయించింది నేను. దొంగ సాక్షుల్ని తెచ్చింది నేను. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, వాడికేం తెలుసు? నా పేరు రాసుకోండి."

"నాన్నా!" రెన్జెల్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "పిచ్చెక్కిందా నీకు? నన్ను లోపలేస్తారు!"

"వేస్తారేమోరా. నాకు తెలీదు." గవీనో కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చాడు. "ఎక్కడ ఉంచితే అక్కడికి రోజూ వస్తాను. నన్నూ లోపలేస్తే మీ అమ్మ వస్తుంది. నిన్ను చెడగొట్టింది నేనే నాన్నా. ఇంక చెడగొట్టలేను."

మిసెస్ అబాద్ కాగితాన్ని పక్కకి జరిపింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వయసు పెంచి చెప్పిన తండ్రిని ఆవిడ చూసి ఉండదు. "బాబూ, నీ నోటితో చెప్పాలి. నీకెన్నేళ్ళు?"

"పద్..." అని ఆగిపోయాడు. ఏడేళ్ళుగా అలవాటైన అంకె నోట్లోకి దానంతటదే వచ్చేసింది. తండ్రి వైపు చూశాడు. గవీనో తల ఊపాడు.

"పదహారు" అన్నాడు రెన్జెల్.

అన్నాక ఆ పొడుగు పిల్లాడు మోకాళ్ళ దగ్గరికి వంగిపోయాడు. జ్యూస్ డబ్బా కింద పడి ఒలికింది. తర్వాత నేలకేసి చూస్తూ అడిగాడు, "అమ్మా, మాంగ్ ఇస్కో ఎలా ఉన్నాడు?"

పొద్దుట్నుంచీ ఆ మాట వాడు అడగడం అదే మొదలు.

"తుంటి ఎముక విరిగింది" అంది పెర్లా. ఒక్క ముక్క దాచలేదు, మెత్తగా చెప్పే ప్రయత్నమూ చెయ్యలేదు. "కుడిచెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది. ఆపరేషన్ గదిలో ఉన్నాడు. బతుకుతాడట. కావడి మాత్రం ఇంక ఎత్తలేడట. నువ్వే చేశావు రెన్జెల్. నువ్వే."

వాడు వెక్కివెక్కి ఏడుస్తూ తల్లి నడుము పట్టుకున్నాడు. పెర్లా కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ కోపంతోనే వాడి తల మీద చెయ్యి వేసింది.