రహీమ్ చాచా మెదడు ఫిల్మ్

"టార్గెట్ కాలువ షట్టర్. టైమ్ బాంబ్. దాని ఇంగ్లీషు అక్షరాల తాళం మన గోడౌన్‌లోంచి దొంగలెత్తుకుపోయిందే. ఒక్క అక్షరం తప్పు తిప్పినా పేలుతుంది. కోడ్ తెలిసింది ఒక్కడికే..."

చీఫ్ మాట అక్కడ తెగిపోయింది. ఏజెంట్ నెహెమ్యా వైర్‌లెస్ సెట్టు మీద ఒక్కటి చరిచాడు. అయినా అది పలకలేదు.

ఆ ఒక్కడు అతని పక్కనే, మాచర్ల దగ్గర కాలువ గట్టు మీద, జీపులో కూర్చుని ఉన్నాడు. అబ్దుల్ రహీమ్, ఆ తాళానికి కోడ్ పెట్టిన రిటైర్డ్ ఆఫీసర్. గట్టు తెగితే కింద కారంపూడి వైపు ఊళ్లన్నీ నీటిపాలు.

"చాచా, కోడ్ ఏంది?"

"ఏంది."

"అదే, కోడ్!"

"చెప్పా గదా అబ్బాయ్, ఏంది!"

నెహెమ్యా తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస.

"అడిగిన ప్రశ్ననే తిరిగి అడుగుతాడు. జబ్బు లక్షణం," అంది వెనక సీట్లోంచి గవర్నమెంటు డాక్టర్ రోహిణి. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర. మద్రాసులో రహీమ్‌కి స్కాన్ తీయించింది ఆవిడే. ఫిల్మ్ ఎండకెత్తి చూపింది. "మెదడు నడుమ నల్లటి నీటిగదులు. కంప్యూటర్‌తో కొలిచాం. మొత్తంలో పద్దెనిమిది శాతం! పది దాటకూడదు. మెదడు కుంచించుకుపోయింది. ఆల్జీమర్స్. ఇతన్ని నేను తీసుకెళ్తాను."

"నేనేం పిచ్చోణ్ణి కాదమ్మా," అన్నాడు రహీమ్.

నెహెమ్యా విసురుగా ఫిల్మ్ లాక్కున్నాడు. వరసగా చిన్న చిన్న బొమ్మలు. అన్నిటికన్నా కింది బొమ్మలో, రెండు చెవుల దగ్గరా తెల్లటి గీతలు చిమ్మినట్టున్నాయి. లోహం ఉంటేనే స్కాన్‌లో అలా పడతాయి.

"చాచా, ఎప్పుడైనా పోగులు పెట్టుకున్నావా?"

"మాలో మగోళ్లకి చెవులు కుట్టించరు గదా! పోగులు ఊళ్లో ముసలి రైతులకుంటయ్."

ఎవరో ముసలి రైతు తల అది, రహీమ్‌ది కాదు! రోహిణి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ మీదకు పోయింది. నెహెమ్యా పెన్ను నొక్కాడు. మత్తు సూది మణికట్టుకు దిగి, ఆమె సీట్లో ఒరిగిపోయింది.

రహీమ్ మతి చెడలేదు. అంటే అతను చెప్పింది జవాబే. క్రోసూరులో పుట్టిన నెహెమ్యా రోజూ తానూ అనే మాటే అది. అందుకే చెవికెక్కలేదు.

షట్టర్ దగ్గరికి పరుగెత్తాడు. ఇ. ఎన్. డి. చివరి చక్రం ఐ దగ్గర క్లిక్‌మంది. టిక్‌టిక్ ఆగింది. ముల్లు సున్నాను తాకబోతూ నిలిచిపోయింది.

"ఎవడడిగినా నిజమే చెప్తా, ఎవడికీ తెలవదు. అట్టా పెట్టా," అన్నాడు రహీమ్, వెనకే వస్తూ.

"నా ప్రాణం తీశావు గదయ్యా!"

హ్యాండ్‌బ్యాగులో అసలు ఫిల్మ్ దొరికింది. పేరు రహీమ్‌ది. నీటిగదులు ఏడు శాతం.

"అది నాకియ్యి అబ్బాయ్," చెయ్యి చాపాడు రహీమ్. "నాకు మెదడుందంటే మా ఆవిడ అబిదా నమ్మదు. ఇప్పుడు గవర్నమెంటోళ్లే కొలిచారని చూపిస్తా."