బీడులో తొమ్మిది పిట్టలు

"చెరువు కాడ నూట పన్నెండు మేడం!"

జాషువా గొంతు చించుకుని అరిచాడు. ఏడో తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. వాడు కాలర్ ఎగరేసి కూర్చున్నాడు. చెరువులో కొంగలన్నీ తనే బియ్యం పోసి పెంచినట్టు!

అది ఆలంపూర్ పోయే దారిలో ఉన్న రాళ్లబండ ఊరి బడి. శనివారం, నాలుగో పీరియడ్. సైన్స్ చెప్పే గ్రేస్ మేడం ప్రతి జూన్‌లో శనివారం శనివారం పిల్లలతో పిట్టల్ని లెక్కపెట్టిస్తుంది. ఒక జట్టు చెరువుకు పోవాలి, ఇంకో జట్టు ఊరి బయట గడ్డి బీడుకు. ఈసారి బీడు రూపకు పడింది. తోడు రావాల్సిన శ్రవణ్‌కుమార్‌కు జ్వరం వచ్చింది. పాపం, రూప ఒక్కతే పోయింది.

"నువ్వు చెప్పు రూపా. బీడుల ఎన్ని కనబడ్డయి?"

రూప చీటీ చూసుకుంది. తీతువులు రెండు. కౌజులు మూడు. మట్టిపిట్టలు నాలుగు. పిచ్చుకంత ఉండి, గడ్డిలోంచి పైకి లేచి, ఈలేస్తూ మళ్లీ కిందికి జారే పిట్టను ఆ ఊరి పిల్లలు మట్టిపిట్ట అంటారు. మొత్తం కలిపితే తొమ్మిది.

పొద్దున్నే లేచి, గంటసేపు పల్లేరు ముళ్లు గుచ్చుకుంటూ తిరిగితే దొరికింది ఇంతే. నూట పన్నెండు పక్కన తొమ్మిది! జాషువా అప్పుడే వెనక్కి తిరిగి పళ్లికిలిస్తున్నాడు.

"నలభై రెండు మేడం."

ఆ మాట ఎలా వచ్చిందో రూపకే తెలియదు. వచ్చేసింది. ఇక వెనక్కి పోదు.

"ఎన్నీ?" గ్రేస్ మేడం సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది.

"నలభై రెండు." ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

మేడం బీరువాలోంచి నీలం అట్ట రిజిస్టర్ తీసింది. అందులో ఆరేళ్ల లెక్కలున్నాయి. మొదటి ఏడు బీడులో అరవై నాలుగు పిట్టలు. తర్వాత యాభై ఏడు. ఆ తర్వాత నలభై తొమ్మిది. అలా తగ్గుతూ తగ్గుతూ పోయినేడాది పద్దెనిమిది. మేడం నలభై రెండు కూడా అందులో రాసి, బోర్డు మీద గీత గీసింది. గీత కిందికి కిందికి దిగింది. చివర్లో ఒక్కసారిగా పైకి లేచింది.

"అబ్బ! మళ్ల పెరిగినయి పిల్లలూ. నేనే ఉత్తగ భయపడ్డ." మేడం ముఖం నిండా నవ్వు. "సోమవారం బీడుల మొక్కలకు గుంతలు తవ్వుతరట. పిట్టలు తగ్గుతున్నయి, తవ్వకుండ్రి అని సర్పంచ్ ఈదమ్మకు ఉత్తరం రాసిన. సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు పోయి ఇయ్యాలనుకున్న. ఇగ అవసరం లేదు. పోయి తవ్వుకొమ్మనే చెప్తా."

రూప చీటీని పిడికిట్లో దాచేసింది.

"మేడం, చెట్లు మంచియే కదా?" అని అడిగింది. మంచివే అంటే బాగుండునని ఆశ.

"చెట్ల మీద ఉండే పిట్టలకు మంచియే. మన బీడు పిట్టలు నేల మీద గుడ్లు పెడ్తయి. పక్కన చెట్టుంటె కాకి దాని మీద కూసొని అన్నీ చూస్తది. గుడ్డు కనబడితె ఊకుంటదా? గందుకే ఈ పిట్టలు చెట్లున్న కాడ గూడు పెట్టవు. వేరే జాగ వెతుక్కుంటయి. వేరే బీడు ఏడున్నది మనకు?"

గంట మోగింది. మధ్యాహ్న భోజనంలో ఆ రోజు గుడ్డు పెట్టారు. రూప తన గుడ్డును శ్రవణ్‌కుమార్ చెల్లెలికి ఇచ్చేసింది. గుడ్డంటే ప్రాణం పెట్టే పిల్ల! చూడండి మరి, ఎంత బెంగో.

బడి విడిచాక ఇంటికొచ్చింది. మగ్గం చప్పుడు వినబడలేదు. వాళ్ల బాపు పరమేశ్వర్ నేసిన చీరను మళ్లీ విప్పుతున్నాడు. అడ్డంగా వేసిన దారాలను ఒక్కొక్కటే మెల్లగా లాగుతున్నాడు.

"ఏమైంది బాపూ?"

"నిలువు పోగొకటి తెగింది బిడ్డా. చూసుకోలె. నాలుగు వేళ్ల మందం నేసినంక కనబడ్డది."

"ఒక్క పోగే కదా. గట్లనే నెయ్యరాదు?"

"నేస్తె గా గీత చీర పొడుగూత పోతది. ఇప్పుడైతె నాలుగు వేళ్ల మందం ఇప్పితె అయిపాయె. రేపటికి జానెడు ఇప్పాలె. ఎల్లుండికి మూరెడు." బాపు తలెత్తకుండానే అన్నాడు. "ముఖం గట్లున్నదేందే? బడిల ఏమన్న అన్నరా?"

"ఏం లేదు బాపూ."

సంచి గోడకు తగిలించి బయటికి పరుగెత్తింది. పంచాయతీ ఆఫీసుకు అనుకుంటున్నారా? కాదు. బీడుకు! పొద్దున సరిగా చూడలేదేమో, ఇంకా ముప్పై మూడు పిట్టలు ఎక్కడో ఉండే ఉంటాయి, అవి కనబడితే తన మాట నిజమైపోతుంది కదా అని.

మీరు నవ్వినా సరే, రూప మాత్రం దేవుళ్లందరికీ మొక్కుకుంది.

బీడులో తొలకరికి గడ్డి పచ్చగా మొలుస్తోంది. రూప ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మట్టిపిట్టలు నాలుగు. కౌజుల కూత మూడు చోట్ల వినిపించింది. గడ్డిలో ప్రతిచోటా ముగ్గుపిండితో గుండ్రంగా గుర్తులున్నాయి. అవి గుంతలు తవ్వడానికి పెట్టినవి.

ఉన్నట్టుండి తీతువు ఒకటి నెత్తి మీదికి దూసుకొచ్చింది. టిట్టిట్టీ, టిట్టిట్టీ అని ఒకటే అరుపు. రెండోది కాస్త దూరంలో రెక్క విరిగినట్టు కుంటుతూ నడుస్తోంది.

రూప బెదిరి నిలబడిపోయింది. కాళ్ల దగ్గర చూసుకుంది. రాళ్ల మధ్య రాళ్లలాగే నాలుగు గుడ్లు. ఇంకో అడుగు వేస్తే నలిగిపోయేవి! వాటి పక్కనే, జానెడు దూరంలో, తెల్లటి ముగ్గుపిండి గుర్తు.

రూపకు ఏడుపు వచ్చేసింది. గుడ్లను తీసి ఒళ్లో దాచుకోవాలనిపించింది. ముట్టుకోలేదు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచింది. గుంత గుర్తు దాటాక పరుగు అందుకుంది.

పంచాయతీ ఆఫీసులో గ్రేస్ మేడం అప్పటికే కుర్చీలోంచి లేస్తోంది. ఎదురుగా సర్పంచ్ ఈదమ్మ చాయ్ తాగుతోంది. బల్ల మీద నీలం రిజిస్టర్ ఉంది.

"మేడం, నలభై రెండు కాదు!" రూప గుమ్మంలోనే అరిచింది. "తొమ్మిదే. నేను అబద్ధం చెప్పిన."

మేడం ముఖంలో నవ్వు పోయింది. మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"ఎందుకు చెప్పినవ్ రూపా?"

"జాషువా నూట పన్నెండు అన్నడు. నావి తొమ్మిదే ఉండె. సిగ్గనిపించింది మేడం." ముక్కు తుడుచుకుంది. "గుంత గుర్తు పక్కకే తీతువ గుడ్లున్నయి. నాలుగు. సోమవారం తవ్వితె పోతయి."

మేడం రిజిస్టర్ తెరిచి పెన్ను ఇచ్చింది. "నేను బాధపడ్డ. అది నిజమే. కానీ ఉరుక్కుంట వచ్చి చెప్పినవ్ కదా, నువ్వే దిద్దు. కొట్టేసిన అంకె గూడ కనబడాలె. రబ్బరు పెట్టకు."

రూప నలభై రెండు మీద అడ్డంగా గీత గీసింది. పక్కన 9 అని రాసి, కింద తన పేరు రాసింది.

ఈదమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "తొమ్మిదేనా? నా చిన్నప్పుడు మేకలు తోలుకపోతె అడుగడుక్కు కౌజులు బుర్రుమని లేస్తుండె గా బీడుల. ఉత్తగ పడున్న జాగ, చెట్లు పెడితె మంచిది కదా అనుకున్న. గిన్ని తగ్గినయని నాకేం ఎరుక?" రూప వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల నాకు చూపెడ్తవా బిడ్డా?"

"దూరంకెల్లి చూడాలె. దగ్గరికి పోతె అమ్మ పిట్ట బెదుర్తది."

"సరే తియ్యి, దూరంకెల్లే చూస్త. నీ లెక్కనే కానియ్యి."

సోమవారం గుంతలు తవ్వారు. బీడులో కాదు, రోడ్డు వెంబడి, బడి గోడ పక్కన. జాషువా మూడు మొక్కలు నాటి, ముప్పై నాటినంత గొప్పలు చెప్పుకున్నాడు.

మళ్లీ శనివారం వచ్చింది.

"చెరువు కాడ నూట ఇరవై మేడం!" చప్పట్లే చప్పట్లు.

రూప లేచి నిలబడింది. ఈసారి శ్రవణ్‌కుమార్ కూడా పక్కనే ఉన్నాడు.

"బీడుల ఎనిమిది మేడం. ఒక కౌజు కూత వినబడలె."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జాషువా వెనక్కి తిరిగి పళ్లికిలించాడు. రూప కూర్చోలేదు.

"తీతువ గుడ్లు నాలుగు ఇంక అట్లనే ఉన్నయి మేడం. కానీ వాటిని లెక్కల కలపలె," అంది. "పిట్టలైనంక కలుపుత."