ఎర్రగీత దాటిన కథ

2094 నాటికి కథ విని మొహమాటానికి "బాగుందండీ" అనే రోజులు పోయాయి. ఆ పని స్పందనమాపని చూసుకుంటోంది. వినేవాళ్ల చేతికి బయోసెన్సర్ పట్టీ కడతారు. గుండె వేగం, చెమట, నరాల కదలిక అన్నీ కలిపి యంత్రం గోడమీద ఒక గీత గీస్తుంది. అది పైనున్న ఎర్రగీతను దాటితే కథ సంకలనంలోకి, దాటకపోతే రచయిత ఇంటికి. నోరు అబద్ధమాడొచ్చు గానీ ఒళ్లు ఆడదు కదా అని, దాన్ని తయారుచేసిన డాక్టర్ భాస్కరం ధీమా.

భీమిలి కథాశిబిరంలో రచయితలే ఒకరి కథ ఒకరు వినాలి. ఆఖరి వంతు హైమవతిది. పొద్దుటి నుంచీ ఆమె తన కాగితాలే తిరగేస్తోంది. సముద్రంలో మునిగిపోయిన తమ్ముడి గురించి రాసింది. ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తరు. ఒక్కరైనా వాడి గురించి వింటే చాలని ఆమె ఆరాటం.

ముందు చదివినవాళ్లందరి కథలూ ఎర్రగీత దాటాయి. ఆమెకు సరిగ్గా ముందు చదివిన ముకుందం కథైతే అతికష్టం మీద గట్టెక్కింది.

హైమవతి చదివింది. చివర్లో ఏడుపాగలేదు. గీత మాత్రం కదిలితే ఒట్టు!

"ఇదేం చోద్యం!" భాస్కరం తల గోక్కున్నాడు. "సెన్సర్లు పాడయ్యాయా?"

"లేదు సర్," అంది స్పందనమాపని. "పొద్దున అందరి గుండెలూ దడదడలాడాయి. ఒక్కొక్కరి వంతూ అయ్యేకొద్దీ నెమ్మదించాయి. ఇప్పుడు అందరూ నిశ్చింతగా ఉన్నారు."

హైమవతికి ఒళ్లు మండిపోయింది. అయితే వీళ్లు కదిలింది కథలకు కాదన్నమాట, తమ వంతు వస్తోందన్న కంగారుకి!

"ముకుందంగారూ, నా కథలో తమ్ముడు ఏమయ్యాడో చెప్పండి," అంది.

ముకుందం గబుక్కున ఇటు తిరిగాడు. "అదీ... ఉద్యోగానికి చంద్రుడి మీదకు వెళ్లాడు కదూ?"

"చచ్చిపోయాడండీ! ఇంతసేపూ చదివింది అదేగా!"

ముకుందం మొహం కందగడ్డయింది. "సరేనమ్మా, తప్పే. మరి నా కథ ఇందాకేగా విన్నావు. అందులో ఏముందో నువ్వు చెప్పు."

హైమవతి నోరు తెరిచింది. ఒక్క ముక్కా గుర్తురాలేదు. ఆయన చదువుతున్నంతసేపూ తన మొదటి వాక్యాన్నే లోలోపల వల్లెవేసుకుంటూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. తర్వాత తమనెక్కడ అడుగుతారోనని అందరికీ గుండెలు పీచుపీచుమంటున్నాయి. గోడమీద గీత ఒక్కసారిగా లేచి ఎర్రగీతను దాటిపోయింది.

"అభినందనలు హైమవతిగారూ," అంది స్పందనమాపని. "మీ కథ అందరి గుండెల్నీ తాకింది."