ఏడు వేల చుట్లు

"గట్టిగా అరిచే పికప్ కావాలి. ఉందా, లేదా?"

మే నెల వాన కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌ని తడిపేస్తోంది. నా కొట్టు గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నిలువునా తడిసింది. చేతిలోని గిటార్ మీద మాత్రం చుక్క నీరు లేదు. తన కోటు విప్పి దానికి కప్పింది.

"ముందు తల తుడుచుకోండి" అంటూ తువ్వాలు అందించాను.

"నా తలకేం కాలేదు. రిపేరు దీనికి."

కొట్టంటే బజారు వెనక ఒక ఇనప కంటైనర్. గిటార్లు బాగుచేస్తాను, పికప్‌లు మారుస్తాను. తీగల కింద బిగించే ఆ చిన్న డబ్బాలే ఎలక్ట్రిక్ గిటార్‌కి చెవులు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి వైరు. తీగ కదిలితే అవి విని స్పీకర్‌కి చెబుతాయి.

ఉన్నవన్నీ బల్ల మీద పరిచాను. "అమ్మాయిలు మామూలుగా ఇది తీసుకుంటారు. మెత్తగా, తియ్యగా పలుకుతుంది."

నోరు జారానని మాట బయటికొచ్చాక తెలిసింది.

"ఓహో! అబ్బాయిలకేమో మాంసం, మాకేమో తేనె రొట్టె! ఇంతకీ నేను వాయించడం మీరు విన్నారా?"

"లేదు."

"మరి నాకేది కావాలో మీకెలా తెలిసింది?"

కొట్లో ఉన్నవాటిలోకెల్లా జోరైన పికప్ వేలితో చూపించి, గిటార్ నా దగ్గర వదిలి వెళ్ళిపోయింది. రసీదు మీద పేరు మాత్రం రాసింది. సెజిమ్.

మూడో రోజు వచ్చి వాయించి చూసింది. కంటైనర్ గోడలు అదిరాయి. నాలుగు నిమిషాలకే ఆపేసింది.

"ఏం చేశారు దీన్ని? నా వేళ్ళేవి? అంతా కలిపి ముద్ద చేసి పారేసింది!"

"మీరడిగిందే పెట్టాను."

"కావాలనే చేశారు. మెత్తనిది వద్దన్నానని కక్ష!"

"కక్షే అయితే రోజంతా సోల్డరింగ్ పొగ మింగేవాణ్ణా? అసలు ఎవరి మీద అరవాలని మీకు?"

గిటార్ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. తర్వాత చెప్పింది. పెళ్ళి విందుల్లో వాయించే బ్యాండ్ తనది. దాని పెద్ద కుబాత్. ప్రతి విందులోనూ ఈమె స్పీకర్ తగ్గించేస్తాడు. "నువ్వు నవ్వుతూ నిలబడితే చాలు చెల్లీ, వాయించడానికి మేమున్నాం" అంటాడట.

"మరి పికప్ ఎంత జోరుదైతే ఆయన అంత తగ్గిస్తాడు. సౌండ్ తిప్పే నాబ్ ఆయన చేతిలోనే కదా ఉంది?"

సెజిమ్ నా వైపు చురచురా చూసింది. కానీ కాదనలేదు. ఆలోచిస్తూ తీగల మీద చెయ్యి ఆడించింది. అప్పుడు గమనించాను. ఆమె మీటడం లేదు. గోళ్ళ వెనక వైపుతో పైకీ కిందికీ తట్టి విసురుతోంది. అది గిటార్ చెయ్యి కాదు, మా మూడు తీగల కొముజ్ చెయ్యి.

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న. నేను ఈ కరెంటు డబ్బా పట్టుకున్నప్పటినుంచి నాతో సంగీతం గురించి మాట్లాడడం మానేశాడు."

"వారం టైమివ్వండి. మీకు నేనే పికప్ చుడతాను. మామూలుగా ఎనిమిది వేల చుట్లు వేస్తాం. మీకు ఏడు వేలే."

"నేను ఎక్కువ అడిగితే తక్కువిస్తారా?"

"చుట్లు పెరిగితే జోరు పెరుగుతుంది, మాట ముద్దవుతుంది. తగ్గితే జోరు తగ్గుతుంది గానీ ప్రతి దెబ్బా విడివిడిగా వినబడుతుంది. ఆయన ఎంత తగ్గించినా డ్రమ్ముల్ని చీల్చుకుని బయటికొస్తుంది."

"అంటే మళ్ళీ మెత్తనిదేనా?"

"కాదు. కత్తి."

మొదటిసారి నవ్వింది.

వారమంతా రోజూ వచ్చింది, పొగలు కక్కే మాంసం సంసాలు పొట్లం కట్టించుకుని. నా పని మీద నమ్మకం లేక వస్తున్నానంది. ఐదు వేల చుట్ల దగ్గర వైరు పుటుక్కున తెగింది.

"నీ చెయ్యి వణికింది" అంది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరం గమనించలేదు.

"నువ్వు నా వైపు చూశావు."

"నేను చూశానని నీకెలా తెలుసు? నువ్వు చూడాల్సింది వైరుని కదా!"

మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. పెద్దగా బాధ కలగలేదు.

కొత్త పికప్ బిగించాక, శనివారం మధ్యాహ్నం ఆమె వాయించే పెళ్ళి విందుకి వెళ్ళి వంటింటి గుమ్మం పక్కన నిలబడ్డాను. రెండో పాటకే కుబాత్ అలవాటుగా ఆమె నాబ్ తిప్పాడు. గిటార్ తగ్గింది. కానీ వినబడుతూనే ఉంది. ఒక్కొక్క గోటి దెబ్బా గులకరాయిలా వచ్చి పడుతోంది. ఇంకా తిప్పాడు. ముందు బల్లల దగ్గర ముసలమ్మలు మాటలాపి స్టేజీ వైపు తిరిగారు. దాంతో అతను వైరే పీకెయ్యడానికి వంగాడు.

సెజిమ్ వైరు మీద కాలు పెట్టింది.

"ముట్టుకోకు అన్నా. ఇంకో పాట ఉంది."

డ్రమ్ములు ఆగిపోయాయి. ఆమె ఒక్కతే పాత కొముజ్ పాట అందుకుంది. నాబ్ అట్టడుగున ఉంది. అయినా అంత పెద్ద హాలు చెంచాలు దించేసి వింది.

"రేపటినుంచి రావొద్దు" అన్నాడు కుబాత్.

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే పోతున్నా."

బయట మళ్ళీ వాన. ఈసారి గిటార్‌కి నా కోటు కప్పాను.

"ఉన్న ఒక్క బ్యాండూ పోయింది. నీ వల్లే" అంది.

"సారీ."

"సారీ ఎవడిక్కావాలి? గిటార్‌కే మాట స్పష్టంగా ఉండాలా? నీకక్కర్లేదా?"

చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "నువ్వంటే... ఇష్టం."

"ముద్దగా ఉంది. మళ్ళీ చెప్పు."

"నువ్వంటే నాకు ఇష్టం, సెజిమ్!"

బస్టాపులో జనమంతా తిరిగి చూశారు.

"నాకూ అంతే. పద, మా ఇంటికి."

"ఇప్పుడా?"

"భయమా?"

వాళ్ళ నాన్న జుమాకదిర్ తలుపు తీశాడు. విందు సంగతి ఫోన్‌లో అప్పటికే చేరినట్టుంది, మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"నాన్నా, ఇతను ఎర్మెక్. నా పికప్ చుట్టింది ఇతనే. నేను చేసుకోబోయేదీ ఇతన్నే."

ఆ రెండోది నేనూ అప్పుడే విన్నాను.

పెద్దాయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, నా ముందు గిన్నె పెట్టి టీ అంచుదాకా నింపాడు. మా దగ్గర అతిథికి రెండు గుక్కలు పోస్తే కూర్చోమని. నిండా పోస్తే తాగి లేవమని. నేను తలవంచుకుని గిన్నె మీద చెయ్యి వేశాను.

సెజిమ్ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. తండ్రి కళ్ళలోకే చూస్తూ టీ మొత్తం తిరిగి కెటిల్‌లో పోసింది. అడుగున రెండు గుక్కలు మాత్రం మిగిల్చి నా ముందు పెట్టింది.

"తాగు. అయిపోతే మళ్ళీ పోస్తాను."

తాగాను.

జుమాకదిర్ కూతురి కుడి చేతి గోళ్ళ వైపు చూశాడు. అరిగిపోయి ఉన్నాయి, తన వాటిలాగే.

"ఆ పాట మూడో వరసలో చూపుడు వేలే వాడావా?" అన్నాడు.

"నువ్వు నేర్పినట్టే వాడాను."

"ఆ డబ్బాలో అది వినబడిందా?"

"హాలంతా వింది నాన్నా."

పెద్దాయన ఊపిరి వదిలాడు. చెయ్యి చాచి కెటిల్ అందుకుని ఖాళీ అయిన నా గిన్నెలో రెండు గుక్కలు పోశాడు.