నల్ల చొక్కా, ఆముదం సీసా

అది ఎనభై రెండో సంవత్సరం డిసెంబరు. అమెరికాలోని పేటర్సన్‌లో తెల్లవారుతూనే జగదీష్ చన్నీళ్లు పోసుకుని, నల్ల చొక్కా, నల్ల పంచెతో, చెప్పుల్లేకుండా మంచు పడ్డ పెరట్లోకి వెళ్లి సూర్యుడికి దండం పెట్టుకున్నాడు. అయ్యప్ప దీక్ష. వాళ్లు అద్దెకున్న బేస్‌మెంట్‌లో భార్య రాధారాణి ఉప్మాకి పోపు పెడుతోంది.

పైన బల్ల ఈడ్చిన చప్పుడు. తలుపుకి అడ్డం పెడుతున్నాడు ఎట్టోరే. ఇల్లు ఆయనదే. ఇటలీ నుంచి కుర్రతనంలో పారిపోయి వచ్చినవాడు.

"మళ్లీ మొదలైంది స్వామీ" అంది రాధారాణి, లోపలికొచ్చిన భర్తతో.

అంతలో ఆయన కూతురు లూసియా దిగి వచ్చింది. రాత్రి డ్యూటీ ఆమెది. ఆమె ఇల్లు చేరేసరికి రోజూ జగదీష్ కోటు తొడుక్కుని ఆఫీసుకి వెళ్లిపోయేవాడు. ఇవాళ శనివారం, సెలవు రోజుల్లో ఎప్పటిలాగే లోపలి గదిలో పూజలో ఉన్నాడు.

"రాణీ, నాన్నకి మతి పోయింది. ముస్సోలినీ మనుషులు ఇంట్లో దూరారట. దిండు కింద కత్తి పెట్టుకున్నాడు. కాసేపట్లో ముసలివాళ్ల హోమ్ కారొస్తోంది, పంపించేస్తున్నా."

"అయ్యో! మోకాళ్ల నొప్పులకి నిద్ర లేక అలా అంటున్నారేమో. ఆముదం వేడిచేసి రాస్తాం, ఉండు."

లూసియా పైగది తలుపు తోసి, అడ్డంగా ఉన్న బల్లని జరిపింది. పూజ ముగించుకుని వచ్చిన జగదీష్ ముందు, చేతిలో సీసా. వెనక గిన్నెతో రాధారాణి.

ఎట్టోరే గోడకి అతుక్కుపోయాడు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"తాతగారూ, నేను జగదీష్‌ని. ఇది ఆముదం..."

"తెలుసు! ఆ రోజూ పేర్లు చెప్పే వచ్చారు. మా వీధివాళ్లే. అందరికీ నల్ల చొక్కాలే."

వేళ్ల సందుల్లోంచి మాట తెగుతూ వచ్చింది. ముస్సోలినీ మనుషులు ఊరి నడిబొడ్డున కట్టేసి, తండ్రి చూస్తుండగా గొంతులో ఆముదం పోశారట. ఈ దేశం వచ్చి పత్రికలో వాళ్ల మీద రాశాడు. అప్పట్లో ఇక్కడి వీధిలోకీ ఆ నల్ల చొక్కాలు వచ్చాయి.

"రాయడం మానలేదు. మళ్లీ పోయించుకోను. చంపండి."

లూసియా జగదీష్‌ని ఎగాదిగా చూసింది.

"ఈ బట్టలు ఎప్పట్నుంచి?"

"నెల దాటింది. దేవుడి మొక్కు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "చూసిందే చెప్పాడు మా నాన్న. కన్నకూతుర్ని, పిచ్చోడన్నాను!"

జగదీష్ తల వంచుకుని దిగిపోయాడు. "దీక్షలో రంగు మార్చొచ్చా?" అన్నాడు మెట్ల మీద. "గురుస్వామి పంపిన కాషాయం పెట్టెలో ఉంది. కట్టుకోండి. భయపెట్టి మొక్కు తీర్చుకుంటామా?" అంది రాధారాణి.

బయట హోమ్ కారు హారన్ మోగింది. లూసియా కిటికీ తీసి, పొమ్మని చెయ్యి ఊపింది.

జగదీష్ కాషాయంలో వచ్చి ముసలాయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "స్వామీ, తప్పయింది."

రాధారాణి ముందు తన మోచేతికి ఆముదం రాసుకుంది. "మా ఇళ్లలో పసిపిల్లలకీ ఇదే రాస్తాం తాతగారూ. నొప్పి లాగేస్తుంది."

ఎట్టోరే సీసా వంక చూశాడు. తర్వాత వంగి, తనే ప్యాంటు కాలు మోకాలి దాకా మడిచాడు.

రెండో చెయ్యి మాత్రం నోటి మీదే ఉంది.