పెల్లెట్ బరువు

ఆరేస్తున్న చీర సగం తాడు మీద ఉంది. మిగతా సగం పనిమనిషి వజ్రమ్మ పిడికిట్లో ఉంది.

బుధవారం ఉదయం 7:25. పంజాగుట్ట నుంచి శ్రీనగర్ కాలనీ వైపు పోయే గల్లీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నీళ్ల మోటార్ కట్టేయడానికి టెర్రస్ ఎక్కిన వాచ్‌మన్ ఆమెను చూశాడు. అప్పటికే ఊపిరి లేదు.

7:50కి ఇన్‌స్పెక్టర్ రాజనర్సయ్య వచ్చాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర చూశాడు. ఎడమవైపు, కాలర్ బోన్ మీద, శనగగింజంత రంధ్రం. బయట రక్తం అంతగా లేదు.

"బుల్లెట్టా సార్?" అంది ఎస్సై మంజూష.

"బుల్లెట్ అయితే గల్లీ అంతా లేసి కూసునేది. ఎవలకు ఏం ఇనబడలే అంటున్నరు. ఇది గాలి తుపాకి."

వజ్రమ్మ భర్త సారయ్య బోరబండ నుంచి వచ్చాడు. పెయింటింగ్ పని చేస్తాడు. చేతులకు తెల్ల రంగు అలాగే ఉంది.

"ఎవలతోనన్న కొట్లాటయ్యిందా?" అడిగాడు రాజనర్సయ్య.

"గా పైన రూముల ఉండే పోరడు, సార్. తడిబట్టల నీళ్లు ఆయన తుపాకి డబ్బ మీద పడ్డయని నిన్న ఒర్రిండట. ఇంటికొచ్చి చెప్పింది."

టెర్రస్ మీద ఒకే గది. అందులో అద్దెకుండేది అనుదీప్. అమీర్‌పేటలో ఒక చిన్న హాల్ తీసుకుని పిల్లలకు ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్పుతాడు. గది తాళం వేసి ఉంది.

పది గంటలకు రాజనర్సయ్య ఎదురు అపార్ట్‌మెంట్‌కు వెళ్లాడు. ఐదో అంతస్తులో రిటైర్డ్ ఇంజినీర్ రామ్మోహనరావు. డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. లోపల గదిలో ఆయన భార్య వసుమతి మంచం మీద ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం.

"పావురాల రెట్టలండీ," అన్నాడు రామ్మోహనరావు. "ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇంక మామూలుగా అవ్వవని డాక్టర్లు చెప్పేశారు. వజ్రమ్మ మా ఇంట్లో కూడా చేసేదండీ. ఏడున్నరకి వచ్చేది. ఎనిమిదేళ్లు."

"పొద్దున ఏమన్న చూసిండ్రా?"

"లేదండీ. కానీ ఆ పైనుండే కుర్రాడు రోజూ తుపాకీ పట్టుకుని తిరుగుతాడు. మీకు నేను చెప్పాలా."

రాజనర్సయ్య నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ మాట అప్పటికే ఆయన మనసులో ఉంది.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టం అయింది. డాక్టర్ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. అందులో అణిగిపోయిన సీసం ముక్క. రేకులా ఉంది.

"కాలర్ బోన్‌కు తగిలి చదునైంది. కింద రక్తనాళం కోసింది. లోపలే రక్తం పోయింది. ఉదయం ఆరున్నర, ఏడు మధ్య తగిలి ఉంటుంది. వెంటనే పోలేదు ఇన్‌స్పెక్టర్. ఇరవై నిమిషాలైనా ప్రాణం ఉండి ఉంటుంది. ఎవరైనా చూసి ఫోన్ చేసి ఉంటే బతికేదేమో."

డాక్టర్ రిపోర్టు చేతికిచ్చాడు. రాజనర్సయ్య మొదటి పేజీ చదివాడు. 'ఎయిర్ రైఫిల్ పెల్లెట్' అన్న మాట దగ్గర ఆగి సంతకం పెట్టాడు.

సాయంత్రం 6:15కి అనుదీప్‌ను అమీర్‌పేట హాల్లో, పన్నెండు మంది పిల్లల ముందు పట్టుకున్నారు.

"పొద్దున ఎన్నింటికి బయటికి పోయినవ్?"

"ఆరుంబావుకు సార్."

"చూసినోళ్లు?"

"ఎవ్వలు లేరు."

"తుపాకి ఉందా?"

"ఉంది. పాయింట్ వన్ డబుల్ సెవెన్, చిన్న పెల్లెట్‌ది. స్ప్రింగ్ పిస్టన్. దానికి లైసెన్స్ అక్కర లేదు."

"నిన్న ఆమె మీద ఒర్రినవా?"

"ఒర్రిన సార్. పొద్దున పోయేటప్పుడు సారీ చెప్దామనుకున్న. ఆమె ఇంకా రాలే."

"సారీ చెప్దామనుకున్నడట!" రాజనర్సయ్య నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు ఆయన్ను వదల్లేదు.

రాత్రికే టీవీలో అనుదీప్ ముఖం వచ్చింది.

మర్నాడు ఉదయం 9:10. అనుదీప్‌ను కోర్టుకు తీసుకెళ్లాలి. మంజూష ఫైలు పట్టుకుని వచ్చింది.

"సార్, పోస్ట్‌మార్టం రిపోర్టు రెండో పేజీ చూశారా?"

"ఏముంది?"

"పెల్లెట్ బరువు. పాయింట్ తొమ్మిది రెండు గ్రాములు. అనుదీప్ దగ్గర దొరికిన పెల్లెట్ల డబ్బా మీద పాయింట్ ఐదు మూడు అని ఉంది."

"అణిగిపోయింది గద. గందుకే తేడా."

"అణిగితే ఆకారం మారుతుంది సార్. బరువు పెరుగుతుందా?"

రాజనర్సయ్య ఫైలు లాక్కుని రెండో పేజీ చూశాడు. టోపీ తీసుకున్నాడు.

అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద బంగారం షాపు అప్పుడే తెరిచారు. సేఠ్ ఆశ్చర్యపోతూనే తూకం మీది గాజు తలుపు ఎత్తాడు. అనుదీప్ డబ్బాలోంచి ఒక పెల్లెట్ పెట్టారు. 0.53. ఇంకోటి. 0.53. ఇరవై పెట్టారు. ఒక్కటీ 0.53 దాటలేదు.

స్టేషన్‌లో అనుదీప్ కళ్లు వాచి ఉన్నాయి. రాజనర్సయ్య ఈసారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తమ్మీ, పాయింట్ తొమ్మిది గ్రాముల పెల్లెట్ ఏ తుపాకిది?"

అనుదీప్ తలెత్తాడు. "పాయింట్ టూ టూ సార్. దానికి లైసెన్స్ కావాలె. నా దగ్గర లేదు."

"రెండిట్ల తేడా ఏంది? జర సమజయ్యేటట్టు చెప్పు."

"స్ప్రింగ్ ఒక్కటే అనుకోండి సార్. అది నూకే బలం సుత ఒక్కటే. చిన్న పెల్లెట్ జోరుగ పోతది, సూటిగ పోతది. కాగితం మీద గురికి అదే మంచిది. టూ టూ మెల్లగ పోతది గాని బరువుంటది. తగిలిన కాడ గట్టిగ గుద్దుతది. పక్షులను పడగొట్టెటోళ్లు దాన్నే అడుగుతరు. స్ప్రింగ్ మార్చి గట్టిది ఏస్తే ఇంకా ఖతర్నాక్."

"నిన్ను ఎవలన్న అడిగిండ్రా?"

అనుదీప్ తలుపు వైపు చూశాడు. చెప్పడానికి భయపడుతున్నాడు. ఎవరి పేరు ఎత్తినా తప్పించుకోవడానికే అంటారని భయం.

"ఎదురింటి సార్. రామ్మోహనరావు గారు. హాల్‌కు మూడుసార్లు వచ్చిండు. ఆయన దగ్గర వన్ డబుల్ సెవెన్ ఉండె. దాంతోటి కొడితే పావురాలు పడతలేవు, గాయంతోటి ఎగిరిపోయి బాల్కనీల్నే సస్తున్నయన్నడు. టూ టూ బ్యారెల్, పెద్ద స్ప్రింగ్ పెట్టియ్యమన్నడు. నేను వద్దన్న. నెట్ కట్టుకోండి సార్, ఈడ జనం తిరుగుతరు అన్న. కోపమొచ్చి పోయిండు."

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే సార్."

గురువారం మధ్యాహ్నం 12:20. రామ్మోహనరావు ముందు గదిలో ఐదుగురు ఉన్నారు. రాజనర్సయ్య, మంజూష, బేడీలు లేకుండా అనుదీప్, గోడకు ఆనుకుని సారయ్య. సోఫాలో రామ్మోహనరావు. తలుపు తెరిచి ఉన్న పక్క గదిలో వసుమతి.

రాజనర్సయ్య బాల్కనీలోకి వెళ్లి చూశాడు. ఎదురుగా ముప్పై మీటర్లలో ఆ టెర్రస్. పిట్టగోడ మీద పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి. వాటి వెనకే బట్టలు ఆరేసే తాడు.

"సార్, వజ్రమ్మ నిన్న రాదని మీకెప్పుడు తెలిసింది?"

"మీవాళ్లు వచ్చాకేనండీ. ఎనిమిదింటికి."

లోపల్నుంచి సన్నటి గొంతు వచ్చింది. "కాదండీ. ఏడింటికి మాత్ర వేస్తూ మీరే చెప్పారుగా. వజ్రమ్మ ఇవాళ రాదులే, కాఫీ నేనే పెడతానని."

రామ్మోహనరావు తల తిప్పి పక్క గది వైపు చూశాడు.

తానేం అన్నదో వసుమతికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. "ఏంటండీ... ఏమైంది?" అంది.

"ఏడున్నరకు వచ్చే మనిషి రాదని ఏడింటికే ఎట్ల తెలిసింది సార్?" అన్నాడు రాజనర్సయ్య. "పెల్లెట్ అణిగింది గాని దాని బరువు ఎటుపోలే. అది టూ టూ. రిపోర్టుల నిన్ననే రాసి ఉంది. నేనే చూడలే. తుపాకి మీరు చూపిస్తరా, మేం ఎతకాల్నా?"

రామ్మోహనరావు వేలితో బాత్రూం మీది అటక చూపించాడు. మంజూష స్టూల్ ఎక్కింది. పాత దుప్పటిలో చుట్టిన రైఫిల్. సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో బ్యారెల్, స్ప్రింగ్ మార్పించానని ఆయనే చెప్పాడు.

"పావురాన్నే కొట్టానండీ. గోడ వెనక ఆవిడ వంగి ఉంది. నాకు కనబళ్లేదు. నొక్కేసరికి లేచింది. ఆరూ నలభై."

"పడ్డంక చూసిండ్రా?" సారయ్య అడిగాడు. గొంతు పెంచలేదు.

రామ్మోహనరావు నేల చూశాడు.

"మీ తుపాకికి దుర్బీను ఉంది గద సార్. చూసిండ్రా?"

"చూశాను. చెయ్యి... కదులుతోంది."

"ఎంతసేపు కదిలింది?"

ఆయన ముఖం కప్పుకున్నాడు. "నేను జైలుకెళితే ఈవిణ్ణి ఎవరు చూస్తారండీ? అదొక్కటే ఆలోచించాను. ఎవరు చూస్తారు?"

"ఎనిమిదేండ్ల సంది మా ఆమెనే గద సార్ జూసింది," అన్నాడు సారయ్య.

వసుమతి గోడవైపు తిరిగి పడుకుంది. భర్తను తీసుకెళ్తున్నప్పుడు కూడా ఇటు తిరగలేదు.

అనుదీప్‌ను ఆ సాయంత్రమే వదిలేశారు. అరెస్టు వార్త టీవీలో రాత్రంతా వచ్చింది. విడుదల వార్త ఒక పేపర్లో, లోపలి పేజీలో, నాలుగు వాక్యాలు.

పది రోజుల తర్వాత రాజనర్సయ్య సివిల్ బట్టల్లో అమీర్‌పేట వెళ్లాడు. హాల్లో అనుదీప్ ఒక్కడే ఉన్నాడు. టార్గెట్ బోర్డులు విప్పుతున్నాడు.

"పిల్లలు?"

"వస్తలేరు సార్. తల్లిదండ్రులు ఫోన్ ఎత్తుతలేరు. ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు."

"నేను మాట్లాడ్త ఓనర్‌తోటి. తప్పు నాదే తమ్మీ. నువ్వు ఏ తప్పు చెయ్యలేదని అందరికి చెప్త."

అనుదీప్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"మీకు పిల్లలున్నరా సార్?"

"బిడ్డ ఉంది. ఇంటర్ సదువుతుంది."

"నా దగ్గరికి పంపుతరా, నేర్చుకోనీకె?"

రాజనర్సయ్య నోరు తెరిచాడు. పంపుతానని చెప్పాలనే అనుకున్నాడు. మాట బయటికి రావడానికి రెండు సెకన్లు పట్టింది.

"పంపుత," అన్నాడు.

అనుదీప్ అప్పటికే వంగి మిగిలిన స్క్రూ విప్పుతున్నాడు.